కల్తీ

ధర్మాబాద్ మిర్చి గంజ్‌లో
మొదటిరోజంతా నాకు దగ్గడంతోనే సరిపోయింది.
ముక్కుకు కొంగు కట్టుకుని తొడిమలు తెంపే ఆడవాళ్లు
ఎర్రటి కుప్పల వెనక నుంచి నవ్వారు:
"ముందుగాల నీకే మందు గావాలె, బిడ్డా!"

నా సంచిలో కోణాలు కొలిచే ప్లాస్టిక్ చక్రం, టేపు,
సీలు వేసిన అరవై కవర్లు.
సగం కవర్లలో 'వ్యాయామం' అనే చీటీ,
సగంలో 'కరపత్రం' అనే చీటీ.
ఎవరికి ఏది వస్తుందో ముందుగా నాక్కూడా తెలియకూడదు.
పరిశోధన అంటే అదే, అన్నారు మా గైడు.

ముత్తెవ్వ కుడిచెయ్యి
డెబ్బై రెండు డిగ్రీల దగ్గర ఆగిపోయింది,
వాగు కాడ ఎద్దు మొరాయించినట్టు.
"నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత?"
"రాత్రిదా, పగటిదా?"
ఫారంలో గడి ఒక్కటే ఉంది.

ప్రశ్న ఇరవై మూడు:
మీ జీవన నాణ్యత ఎలా ఉంది?
ఆమె దోసెడు కాయలు తీసి నా కాగితం మీద పోసింది.
"నాణ్యెం అంటే గిది.
రంగు సూస్తరు, తేమ సూస్తరు, తాలు ఏరుతరు.
బతుకును ఎవలు జోకిన్రు?"
మళ్లీ తనే, కొంచెం ఆగి:
"నా నెత్తి నేనే దువ్వుకుంటే నాణ్యెం.
కోడలు దువ్వితే తాలు."

దానికి గడి లేదు. అంచున రాసుకున్నాను.

ముత్తెవ్వకు వ్యాయామం వచ్చింది.
పక్కింటి కేవలాబాయికి కరపత్రం.
తెలుగూ మరాఠీ రెండూ ఆమెకు నోటికి వచ్చు, కంటికి రావు.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దేవుడి పటం వెనక దోపింది.
కవరు చింపిన చెయ్యి నాదే.

వారానికి రెండుసార్లు, బాసర వైపు రైలు కూత వినబడే వేళ,
ముత్తెవ్వ ఇంటి గోడ మీద సుద్దతో గీతలు గీశాను.
వేళ్లు గొంగళిపురుగులా పైకి పాకాలి, ఒక్కో గీత దాటుకుంటూ.
ముందుకు వంగి చెయ్యి వదిలేసి ఊపాలి.
"బొక్కెన బాయిల దింపినట్టా?" అంది.
నా పుస్తకంలో లోలకం అని ఉంది. కొట్టేసి బొక్కెన అని రాశాను.
ఆరో వారానికి తొమ్మిదో గీత.
ఆ రోజు ఆమె జడకు ఎర్ర రిబ్బను.

పన్నెండో వారం కేవలాబాయి చెయ్యి కొలిచాను.
చక్రం తప్పు పెట్టాననుకొని మళ్లీ కొలిచాను.
నూట ముప్పై ఎనిమిది.
కరపత్రానికి ఇంత మహిమ ఉండదు.

ఆమె కళ్లు దించుకుని లోపలికి తీసుకెళ్లింది.
అదే గోడ. ఇవతలి ముఖం.
బొగ్గుతో గీసిన గీతలు, వంకరగా, పదకొండు.
"నువ్వు అవుతల ఒకటి, రెండు అంటుంటే
నేను ఏక్, దోన్ అనుకుంట ఎత్తిన."
ఆమె వెనకాల వాకిట్లో మరో నలుగురు,
అందరివీ కరపత్రాలే,
మసి అంటిన వేళ్లు కొంగుల్లో దాచుకుంటూ.

నాందేడ్‌లో గైడు కాగితాలు తిరగేసి కళ్లద్దాలు తీశారు.
"రెండు గుంపులూ కలిసిపోయాయి.
తేడా చూపించడానికి ఏం మిగిలింది?"

ఆ సంగతి వాళ్లకు ఎలా చెప్పాలో తెలియక
వాళ్లకు తెలిసిన మాటే వాడాను:
లెక్క కల్తీ అయింది, అన్నాను.
గంజ్‌లో చేతులన్నీ ఆగిపోయాయి.
కల్తీ అంటే ఇక్కడ బస్తా వాపసు, కూలి కోత.

ముత్తెవ్వ లేచింది.
"ఏం గలిపినం? తాలు గలిపినమా, ఇసుక గలిపినమా?"
కుడిచెయ్యి ఆకాశంలోకి ఎత్తి మరీ అడిగింది.
నూట యాభై ఉంటుంది. అరవై కూడా ఉండొచ్చు.
చక్రం సంచిలోనే ఉంది, నేను తియ్యలేదు.

'పరిమితులు' అనే అధ్యాయంలో మూడు వాక్యాలు రాశాను.
గోడ మందం కొలవలేదు, అని నాలుగోది రాసి,
కొట్టేశాను.