పడవవాడి బాకీ

మొగల్తూరు అవతల, ఆరెకరాల రొయ్యల చెరువు గట్టు మీద
మోటారు షెడ్డులో కూర్చుని
ఈ రాత్రి ఒక రాజ్యాన్ని ముగించాలి నేను.
ఇరవై రెండు జీబీ. దిగడానికి మూడు రాత్రులు పట్టింది.
సిగ్నలు కోసం మేత బస్తాల మీద బకెట్టు బోర్లించి
దాని మీద ఫోను పెట్టాను, దేవుడి పటంలా.

"ఏడు రేవులు" ఆటకి ఇదే ఆఖరి కథ.
ఇక రాయబోమని రాసినవాళ్ళే చెప్పేశారు.

మొదటి భాగం ఆడినప్పుడు మాకు పద్నాలుగేళ్ళు.
నరసాపురంలో, పోస్టాఫీసు వెనక సత్తిపండు నెట్ సెంటర్లో
గంటకి పదిహేను, ఇద్దరికీ ఒకే కుర్చీ.
నేను బాణాలు నొక్కితే ఏలియా మౌస్ పట్టేవాడు.
నడిచేది నేను, నరికేది వాడు.
వీరుడికి పేరేమిటని అడిగితే, కొట్టుకుని కొట్టుకుని
సగం సగం ఇచ్చాం: ఏలినాగు.
ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది.
మిగతా సగం ఏలియా సొంతంగా చెప్పేసేవాడు.
ఏళ్ళ తర్వాత తెలిసింది,
ముసలి రాణి చదివింది శాపం కాదు,
చేపల పులుసు పెట్టే విధానమని.

ఇప్పుడు తెర అడుగుతోంది: పాత ప్రయాణం తెచ్చారా?
తెచ్చాను.
మూడు కంప్యూటర్లు మారినా పారెయ్యని ఫైలు.
ఏలినాగు లేచి నిలబడ్డాడు. గడ్డం నెరిసింది.
ఎవరు నెరవమన్నారు?

పన్నెండింటికి చెక్ ట్రే ఎత్తి చూశాను. మేత తిన్నాయి.
ఒంటిగంటకి ఏడో రేవు.
అక్కడ మంచులో ఒకడు, చేతిలో గెడ.
"నాకు ఒక నాణెం రావాలి" అన్నాడు.

గుర్తొచ్చింది.
మొదటి భాగం, రెండో రేవు.
టైమైపోయిందని సత్తిపండు అరుస్తుంటే
"ఇవ్వకురా, దూకెయ్" అన్నాడు ఏలియా.
దూకేశాం.
ఆ రోజుల్లో సఖినేటిపల్లి పంటు మీదా అంతే,
టిక్కెట్టాయన ఇటొస్తే మేం అటు,
కొబ్బరికాయల లోడు వెనక్కి.
మిగిలిన చిల్లరే మాకు ఇంకో పావుగంట రాజ్యం.

పదిహేనేళ్ళు నిలబడ్డాడు వాడు, నీళ్ళ పక్కన.
ఎవరో ఎక్కడో కూర్చుని
మేం దూకిన దూకుడు రాసిపెట్టుకున్నారు.

ఏలియాకి ఫోన్ చేశాను.
మేత లారీ తోలుతున్నాడు, గుడివాడ దాటాడట.
"ఇంకా ఆడుతున్నావేంట్రా?"
"పడవవాడు గుర్తున్నాడా?"
"ఏ పడవవాడు?"
హారన్. కట్.

మూట విప్పాను.
రాక్షసి పన్ను, మూడు కోటల తాళాలు,
నాణేలు లక్షా చిల్లర.
అంతా ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు.
ఒక్కటే తీసుకున్నాడు, కొరికి చూసుకున్నాడు.
"ఎక్కు" అన్నాడు.

అవతలి ఒడ్డు ఇంకా కనపడలేదు, కరెంటు పోయింది.
ఏరేటర్లు ఆగిన నిశ్శబ్దం మీకు తెలీదు.
చెరువంతా ఊపిరి బిగపట్టినట్టుంటుంది.
ఆలస్యమైతే తెల్లారేసరికి తెల్లగా తేలతాయి,
ఓనరు అప్పూ వాటితో పాటే తేలుతుంది.
పరిగెత్తాను.
మూడుసార్లు హ్యాండిల్ తిప్పి, నాలుగోసారి బూతు తిడితే
జనరేటర్ దగ్గింది.

డీజిల్ చేతులతో తిరిగొచ్చేసరికి
లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడిచి
కథ నేను లేకుండానే ఒడ్డు చేరిపోయింది.
పేర్లు పైకి పోతున్నాయి,
పంచాయతీ గోడ మీది ఓటర్ల జాబితాలా, తాపీగా.
చివరి పేరు దాకా నిలబడే చదివాను.
బురద కాళ్ళు కడుక్కోలేదు.

ఏలినాగు ఏమయ్యాడో చూళ్ళేదు.
మళ్ళీ ఆడితే తెలుస్తుంది.
ఆడననుకుంటా. ఏమో.

నాలుగూ పది. మీటర్లో ఆక్సిజన్ నాలుగు పాయింట్ రెండు, పర్లేదు.
బకెట్టు మీద ఫోను గుర్రుమంది.
ఏలియా.
"ఇచ్చేశావా?"
ఏ పడవకో రాయలేదు.