పడటం

పాలకొల్లు లాకుల దగ్గర మా షాపు.
పదమూడేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను.
చంక దగ్గర అరంగుళం తేడా వస్తే
ఊపిరాడట్లేదని తెచ్చి మొహాన పడేస్తారు.
విప్పుతాను, వదులు చేస్తాను, మళ్లీ తొడుక్కోమంటాను.
ఒక్క కొలతతో ఊరందరికీ కుట్టే దర్జీ
ఎక్కడైనా ఉంటాడా అండీ?

మాత్రకి మాత్రం
కొలత ఒకటే అనుకున్నాను.

మొదటిది సువార్తమ్మ గారిచ్చారు, సబ్‌సెంటర్లో, ఊరికే.
చంటిది పాలు మానిన వారం.
తెల్లారితే చాలు కడుపులో తిప్పుడు,
చేపల పులుసు పొయ్యి మీద ఉడుకుతుంటే నేను పెరట్లో.
మా అత్త మంగతాయారు వేళ్లు మడిచి లెక్కేసి
నవ్వింది, "మళ్లీ నెల తప్పావేంటే?"
తప్పకుండా ఉండడానికే అత్తా ఈ వాంతులు
అనలేక, పుక్కిలించి ఉమ్మేశాను.

రెండోది మెడికల్ షాపులో కొన్నాను.
జ్వరం బిళ్లంత గట్టిగా అడుగుదామనే వెళ్లి
చీటీ జరిపి ఊరుకున్నాను.
పేపర్లో చుట్టి, రబ్బరుబ్యాండు వేసి,
ఫ్యాను వైపు చూస్తూ ఇచ్చాడు.
దాంతో నెలంతా చుక్కలు చుక్కలు,
షట్టరు సరిగ్గా దిగని తూములా:
చేనుకి పారదు, కాలవలో ఆగదు.
మిషను ముందు కుర్చీలో మడతపెట్టిన పాత తువ్వాలు.

"ఒంటికి పడాలే, పడుతుంది" అన్నారు అందరూ.
ఒంటికి పడటం వేరు, మాట పడటం వేరు.
రెండోది నాకెప్పుడూ బాగానే పడింది.

మూడోది ఏ మరకా చేయలేదు.
హుక్కు ఊడిందని ఏడుపు,
దారం తెగిందని ఏడుపు,
పోయిన కరెంటు వచ్చిందని కూడా ఏడుపు.
"మానెయ్, నేను చూసుకుంటాలే" అన్నాడు మా ఆయన.
అతను చూసుకోవడమంటే ఏంటో
మా చంటిదానికి తెలుసు.

నాలుగోదానికి భీమవరం బస్సెక్కాను.
డాక్టరమ్మ రాసేముందు అడిగింది.
తలనొప్పి ఒక పక్కేనా? కాళ్లు వాస్తాయా?
మీ అమ్మకి బీపీ ఉందా? నీకెప్పుడైనా చూశారా?
పట్టా చుట్టి, గాలి కొట్టి, వదిలింది.
మెడలో టేపు వేసుకుని నేనడిగినట్టే ఉంది:
ఎక్కడ పట్టేస్తోంది, ఎక్కడ జారుతోంది?
"మూడు నెలలు చూద్దాం. పడకపోతే మారుద్దాం."
ఒంటిది తప్పనలేదు.
మా షాపులో మేమూ అనం.

కాలవ కట్టేసిన వారం మొదలెట్టాను.
అడుగున బురద, సీసాలు, ఒంటి చెప్పు
ఎండలో బయటపడి ఉన్నాయి.
నిన్న నీళ్లొదిలారు.
లస్కరు చక్రం తిప్పుతుంటే చాలాసేపు నిలబడి చూశాను,
ఎంత వదలాలో ఎక్కడ ఆపాలో
చేతికి తెలిసిన మనిషి.

రాత్రి పాలు కాగాక
రీళ్ల డబ్బాలోంచి తీసి మింగుతాను.
పులుసు తింటున్నాను. ఇంకో నెల చూడాలి.
ఇవాళ రొమ్ములు కాస్త సలుపు.
రాసుకున్నాను కొలతల పుస్తకంలో,
ఇన్నేళ్లకి నా పేరు పెట్టిన పేజీలో.