పొడి బరువు

కేటలాగులో రెండు కిలోల రెండొందలని ఉంది.
అది పొడి బరువు, అంటుంది ఎలునెడ్.
పెట్రోలు పోయలేదు, గొలుసు తగిలించలేదు,
వేల్స్ వానలో నానలేదు.

కొట్టు బల్ల మీద నాలుగు చైన్‌సాలు.
ఎమ్రిస్ ధరలు చెబుతుంటే ఆమె వినదు.
ఒక్కోదాన్నీ నడుముకు వేలాడదీసుకుని
టీ చల్లారేదాకా నిలబడుతుంది,
ఎడమ భుజం ఏమంటుందో అని.

పోయిన చలికాలం
తెగులు పట్టి పెళుసెక్కిన యాష్ చెట్టు మీద
సాయంత్రం నాలుగింటికి
ఆ భుజమే మాట వినలేదు.

అన్నిటికన్నా తేలికది బ్యాటరీది.
మీట వదిలితే గప్‌చిప్,
కొమ్మ పిటపిటలాడినా వినిపిస్తుంది.
ముచ్చటపడింది.
మణికట్టంత కొమ్మకు సరే.
నడుమంత మోడు దగ్గర
అది నములుతూ కూర్చుంటే
ఆ తేలికంతా తనే మోయాలి.

చివరికి మూడోదాన్ని మళ్లీ ఎత్తింది.
ఒంటిచేత్తో చాచి పట్టుకుంటే
ముక్కు వాల్చలేదు.
"అది బరువు కదమ్మా" అన్నాడు ఎమ్రిస్.
"తూగుతోంది" అంది.

డబ్బు లెక్కపెట్టాక గుర్తొచ్చి
రంపానికి కట్టే పట్టీ ఒకటి, కొత్తది, అడిగింది.
కింద కొమ్మలు లాగే మాబ్లికి పదిహేడేళ్లు.
హెల్మెట్ వెనక్కి నెట్టి
పైకి చూస్తూ మాట్లాడే అలవాటు.