ఆరున్నొక్కటి

దామలచెరువు మామిడికాయల మండీకీ మా బడికీ
మధ్య ఒకే గోడ.
జూన్‌లో నేను నల్లబల్ల మీద కూడికలు రాస్తుంటే
అవతల తోతాపురి వేలంపాట.
పిల్లలు ఎవరి పాట వింటారో
చెప్పక్కర్లేదు.

అందుకే ఆ రోజు అంకెల్ని బల్ల మీంచి దించేశాను.
వరండాలో సుద్దముక్కతో పది గళ్ళు.
ఒంటికాలి మీద దూకాలి,
కాలు పడిన గడి పేరు గట్టిగా అరవాలి. అంతే.

మూడో తరగతి మునిలత
జడలు రెండూ వెనక్కి విసిరి
మొదటి గడిలోకి దూకి "లాభం" అంది.
"ఒకటి కదమ్మా?"
తల అడ్డంగా ఊపింది. "లాభం. రెండు. మూడు..."
ఆరు దాకా పిచ్చుకలా పోయి
తర్వాతి గడిలో ఊగుతూ
చాలాసేపు నిలబడి,
"ఆరున్నొక్కటి!"

చెంగల్రాయుడు పడీ పడీ నవ్వాడు.
"ఆ మాట అనకూడదు టీచరమ్మా.
ఉలవలు కొలిచేటప్పుడు అంటే
ఇంట్లో అదే మిగుల్తాదంట. మా అవ్వ చెప్పింది."

మధ్యాహ్నం, గుడ్లు ఒలుస్తున్న పిల్లల మధ్య కూర్చుని
ఆమె నోటుపుస్తకం తిరగేశాను.
మూడూ నాలుగూ కూడితే, ఖాళీ.
పదిలోంచి మూడు పోతే, ఖాళీ.
తక్కినవన్నీ ముత్యాల్లా ఉన్నాయి.
ప్రతి ఖాళీ పక్కనా నా ఎర్ర ఇంకు.
రిజిస్టరులో నా చేత్తోనే రాసిన మాట: వెనకబడింది.
ఎర్ర గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టాను.
ఎన్నో ఇక్కడ చెప్పను.

తిరుపతిలో ఐదు రోజుల శిక్షణలో
రంగురంగుల అట్టముక్కలిచ్చారు, రెండు పూటలా టీ ఇచ్చారు.
అంకెను చూసి పిల్ల భయపడితే ఏం చేయాలో
ఏ అట్ట మీదా లేదు.

మర్నాడు చింతగింజలు తెచ్చాను.
తలా ఆరున్నొక్క గింజ. నేనూ అట్లాగే అన్నాను.
రెండు గుప్పిళ్ళలోకి పంచి దాచండి,
తెరిచి చూపండి.
ఐదున్రెండు. నాలుగున్మూడు.
"మూడున్నాలుగు వేరే లెక్కా, అదేనా?" అని తగువు పడ్డారు.
తేల్చకుండా వదిలేశాను, తగువు బాగా నడుస్తోంది కదా అని.
చెంగల్రాయుడి కుడి పిడికిట్లో అన్నీ,
ఎడమది తెరిస్తే ఉట్టి చెమట.
"ఇది కూడా లెక్కేనా?"
లెక్కేరా. దానికి సున్నా అని పేరు.
వాడు ఆ ఖాళీ అరచేతిని
బెల్లు కొట్టేదాకా మూయలేదు.

శుక్రవారం కుప్పమ్మవ్వ వచ్చింది,
పడి చంకన పెట్టుకుని బడికి.
"ఓనమాలు రావు తల్లీ, నేనేం చెప్పేది?" అంటూనే
గోనెపట్టా పరిచి ఉలవలు పోసింది.
కుప్ప నిలిచేట్టు ఎట్లా పోయాలో,
అంచుకు చెయ్యి తగిలితే ఎన్ని గింజలు రాలతాయో
కొలిచి చూపించింది.
ముప్పై గొంతులు లాభం దగ్గర మొదలై
ఆరు తర్వాత ఊపిరి బిగబట్టి
ఆరున్నొక్కటి! అంటే
గోడవతల వేలంపాట ఒక్క క్షణం ఆగింది.
చివర్న అవ్వ పిడికెడు కొసరు వేసింది.
"ఇది ఏ ఇంట్లో రాయాల టీచరమ్మా,
ఒకట్లలోనా, పదుల్లోనా?"
ఎవరు అడిగారో చూడలేదు.
నాకింకా తెలియదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక
మునిలత పలక పట్టుకుని గుమ్మంలో నిలబడింది.
"నోటితో అనను. రాస్తే ఏం కాదు కదా?"
ఏం కాదన్నాను.
నాకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి
రాసింది, నిటారుగా, కొన వంచి,
అచ్చం కాయలు తెంపే దోటిలా.