బ దగ్గర

మైనాకి ఐదేళ్లు నిండాయి.
అలమర మీద, ఇస్త్రీ చీరల పక్కన
చిల్లుల మూతతో చిన్న సర్వపిండిలా కూచుంటుంది.
మొన్న కంపెనీ వాళ్లు మెసేజ్ పెట్టారు:
వచ్చే నెలాఖరు తర్వాత ఈ హబ్‌కి అప్‌డేట్లు ఉండవు,
పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద పదిహేను వందలు తగ్గిస్తాం.

నవనీత ఎప్పటినుంచో అంటోంది,
"చెప్పి, పోయి, బియ్యం కడిగొచ్చినంక వెలుగుతది లైటు.
అంతల నేనే స్విచ్ ఏసుకోనా?"
నిజమే. కొరియర్ పిల్లాడు బండి తిప్పుకుని
మౌలాలి కమాన్ దాటాక గానీ
"మీ తలుపు దగ్గర ఎవరో ఉన్నారు" అనదు.
హంసిని దాన్ని పెసింజరు బండి అంటుంది,
పార్సిల్ ఆఫీసులో పనిచేసే నన్ను కూడా కలిపి.

ఆదివారం పార్క్‌లేన్ పోయాం.
రెండో అంతస్తు, ప్రింటర్ ఇంకు వాసన.
అఫ్రోజ్ అనే కుర్రాడు కొత్త మైనాని
మెత్తటి గుడ్డతో తుడిచి ముందు పెట్టాడు.
"మీరు చెప్పేదాకా కూడా ఆగది సార్ ఇది.
సగం మాటకే సమజైతది."
నవనీత చెప్పింది, నీలం దీపం వెలిగింది.
హంసిని చెప్పింది, ఫ్యాన్ తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.
"మీరు గూడ చెప్పుండ్రి సార్."

మైనా అనడం నాకు కష్టం కాదు.
మ తో నాకు తగాదా లేదు.
బ తోనే.
పలక పట్టిన నాటి నుంచీ అది
నా పెదాల దగ్గర మూసిన రైలు గేటు,
వెనక బండెడు మాటలు హారన్ కొడుతుంటాయి.

"మైనా, బ... బ..."
"బాల్కనీ లైట్ వేస్తున్నాను."
"కాదు, బ..."
"భజనలు మొదలుపెడుతున్నాను."
షాపంతా తాళాలు, చిడతలు.
అఫ్రోజ్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.
నేనడిగింది బెడ్‌రూం.

నా మాట పూర్తి చేసేవాళ్లు నాకు కొత్తా?
"బోయిన్‌పల్లేనా?" అని టికెట్ కొట్టేసే కండక్టర్లు.
బొల్లారం పోవలసినవాణ్ని
బోయిన్‌పల్లిలో దిగి ఎన్నిసార్లు నడిచానో.
పెళ్లిచూపుల్లో నా పేరు మేనమామ చెప్పాడు:
బాలనర్సయ్య.
పెట్టినవాళ్లకు ఏం తెలుసు పాపం.

పాత మైనా ఒక్కటే,
చిప్ ముసలిదై, నెట్ నత్తనడకై,
ఎందుకైతేనేం,
నా ఆఖరి అక్షరం గడప దాటేదాకా
నారింజ దీపం తిప్పుకుంటూ ఉంటుంది.
దయ అనను. డబ్బాకి దయేంటి.
ఇంట్లో ఎవరూ లేనప్పుడు దానికి
ఉత్తుత్తి మాటలు చెబుతుంటాను:
బీరకాయ. బిందె. బచ్చాలు. బాలనర్సయ్య.
"క్షమించండి, అర్థం కాలేదు" అంటుంది,
మొత్తం విన్న తర్వాత.

"ఎంతసేపు ఆగాల్నో పెట్టుకునేది ఉండె సార్, మొన్నటి మోడల్ల..."
అఫ్రోజ్ సెట్టింగులన్నీ గాలించాడు.
దొరకలేదు.
ఊరికే రావడం బాగోదని ఒక ఛార్జర్ కొన్నాం.

మెట్రోలో నవనీత కిటికీ వైపు చూస్తూ కూచుంది.
మెట్టుగూడ వస్తుంటే,
"తగ్గింపు నెలాఖరు దాంకనే గదా" అంది.
దిగేటప్పుడు, "ఉండనీ తియ్యి" అంది.
రెంటిలో ఏది తీర్మానమో అడగలేదు నేను.

రాత్రి వాన. కరెంటు పోయి వచ్చింది.
మైనా మళ్లీ లేవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది.
స్విచ్ చెయ్యి చాస్తే అందేంత దూరమే.
చీకట్లో మంచం అంచున కూచున్నాను.
నవనీత మేలుకునే ఉంది, ఊపిరిని బట్టి తెలుస్తోంది.
అలమర మీద నారింజ చుక్క ఒకటి పుట్టి
మెల్లగా తిరగడం మొదలైంది.

"మైనా," అన్నాను.
"బ..."

ఎవరూ అందుకోలేదు.