రేవు బాకీ

ఈ ఊరి శంకుస్థాపన రాయి ఏడున్నదో నాకెరుకలేదు.
మా తాత ఓదేలు నావ మాత్రం ఎరుకే.

మంచిర్యాల గడ్డ నుంచి
మొదాలు దాటింది మనుషులు కాదు,
ఇనుప పైపులు.
భూమికి సూది పెడతరట, అన్నడు టోపీ ఆయన.
నావ ఒక పక్కకు ఒరిగి
గోదారి రెండు గుటకలు లోపటికచ్చింది.

తర్వాత అచ్చిన్రు.
ఒకడు మంగలిపొది చంకల పెట్టుకొని,
ఒకామె కోడిపిల్లల గంప మీద పైట కప్పి,
పాలమూరు నుంచి ఇద్దరన్నదమ్ములు
ఒక్క జత చెప్పులతోటి.
ఎక్కడికంటే ఎవ్వలూ ఊరి పేరు చెప్పలే.
పేరింకా పుట్టలే.
గోదారి ఒకదిక్కు, ఖని ఒకదిక్కు ఉన్నయి.
"ఆడ బాయి తవ్వుతున్నరట, గాడికి."

బాయి అంటే నీళ్లే అనుకున్నది మా అవ్వ కనుకవ్వ.
కొత్త చేంతాడు పేనుకొని పోయింది,
ఇత్తడి బిందె సంకన.
తొంగి చూస్తే
దీపాలు పెట్టుకున్న తలకాయలు పైకస్తున్నయి.
ఒకడు నవ్విండట, పండ్లొక్కటే కనపడ్డయట.
చేంతాడు చుట్టచుట్టి తెచ్చి
బర్రెను కట్టేసింది.

పిల్లలు పుడితే బొడ్డుపేగు ఏడ పూడ్చాలె?
రేకుల కింద సొంతజాగ ఎవలికున్నది?
రేవు ఇసుకలనే పూడ్చిన్రు అందరు.
వానకాలం ఏరచ్చి
కులం అడగకుండ అన్నిటినీ ఒక్కతానికి ఊడ్చుకపోయింది.
ఊరు పుట్టిందెప్పుడంటే
నేనైతే ఆ రాత్రే అంట.

పైసల్లేవన్నోన్ని తాత దించలే.
నావ అంచుకు కొడవలితో ఒక్క గాటు పెట్టేటోడు.
"జీతమచ్చినంక ఇయ్యిరి."
జీతాలచ్చినయి.
కల్లు దుకాణం దాటి రేవు దాకా రాలే.

తర్వాత వంతెన.
మొదటి లారీ మోత విన్ననాడు
తాత తెడ్డు ఇసిరెయ్యలే, ఏడ్వలే.
నావను రంపంతో కోసి
బేరం పెట్టిండు, ఎనబై రూపాయలకు.

గా చెక్కే ఇప్పుడు
బస్టాండు ముంగట రాజేశం హోటల్ల బల్ల.
మూడో షిఫ్టు దిగినోళ్లు
కండ్లకింద కాటుకలెక్క బొగ్గుతోటి
ఇరుక్కొని కూసుంటరు దానిమీద.
చాయ్ ఒలికినప్పుడల్లా చెక్క కొంచెం ఉబ్బుతది,
నీళ్లు యాదికచ్చినట్టు.

నేను కూసుంటే
అంచు కింద వేలు పెట్టి లెక్కవెడత.
నలబై ఏడు గాట్లు.
పక్కనున్నాయన తాతది ఏదో ఒకటి ఉండే ఉంటది.
"ఏం దేవులాడుతున్నవ్ తమ్మీ?"
ఏం లేదన్నా,
ఇయ్యాల నా చాయ్ పైసలు నువ్వియ్యి.