అరువు పద్దు

బియ్యం రెండు పౌన్లు, నూనె అరగ్లాసు,
ఎండు హెర్రింగ్ చేప ఒకటి.
ఓస్నెల్ బాకీ ఎనభై అయిదు పెసోలు.
శనివారం ఇస్తానన్నాడు.
చెరకు కంపెనీ కూలి డబ్బులిచ్చేది శనివారం కాబట్టి
మా బాతేలో ఎవరు మాటిచ్చినా శనివారానికే.

గురువారం తెల్లవారుజామున, నాలుగూ పదికి
ట్రక్కు వచ్చింది. వెనకాల ఇనుప పంజరం.
పశువుల బండేమో అనుకున్నాను మొదట.
పశువులకైతే నీళ్ల తొట్టి పెడతారు.

కొట్టు తలుపు సందులోంచి చూస్తున్నాను.
చేతికందింది అరువు పుస్తకమే.
ఓస్నెల్ పేరు కింద, ఎనభై అయిదు కింద
నా చెయ్యి దానంతటదే రాసుకుపోయింది:
ట్రక్కు నంబరు. చివరి రెండంకెల మీద బురద.
యూనిఫాంలు ఏడు. అందరి మొహాలకీ గుడ్డలు.
ఓస్నెల్ కాలికి ఒకటే చెప్పు.

ఆ వారం నుంచి పుస్తకంలో
ఉప్పూ పప్పూ తగ్గిపోయాయి.

దియెలా. ఆసుపత్రి వరసలోంచి. ఎనిమిదో నెల.
చేతిలో టోకెను ముప్పై ఒకటి,
లోపల పిలిచింది ఇరవై ఎనిమిది దాకా.
విల్నోర్. పుట్టింది ఇక్కడే. వాళ్లమ్మా ఇక్కడే.
జనన పత్రం చూపిస్తే సార్జంటు వెలుతురుకి పట్టి
"కాగితం బాగుంది, మొహమే బాలేదు" అన్నాడట.
విన్నది పక్కింటి ఎలియాన్. తొమ్మిదేళ్లు.
సాక్షి వయసు కూడా రాశాను.

నా చదువు అయిదో తరగతి.
కూడికలు తప్పను, అక్షరాలు తప్పుతాను.
పట్నం నుంచి వచ్చిన వకీలమ్మ
అవి దిద్దొద్దంది.
తప్పులున్న పుస్తకాన్ని
కూర్చుని కల్పించారని ఎవరంటారు? అంది.
పట్టుకున్నవాణ్ణి జడ్జి ముందు నిలబెట్టాలట,
తప్పేమిటో చెప్పాలట, వాడు చెప్పేది వినాలట.
నవ్వొచ్చింది నాకు.
బెల్లం ముక్క కాజేసిన పిల్లాణ్ణి కూడా
ఎందుకు తీశావురా అని అడిగాకే చెవి మెలిపెడతాను!
ఇక్కడ విచారణ లేదు, వాయిదా లేదు,
నది మీద వంతెన, అవతల హైతీ, అంతే.

ఆదివారం రాత్రి ఆడవాళ్లం
చెరకు బండి రెండెడ్లనీ విప్పేసి
దారికి అడ్డంగా తోసి పడుకున్నాం.
నాలుగింటికి గిన్నెల మీద గరిటెల మోత.
ట్రక్కు అరగంట అరిచి వెనక్కి పోయింది.
ఆ రోజు పద్దులో సున్నా పెట్టాను.
నలభై ఏళ్ల వ్యాపారంలో
సున్నా చూసి మురిసిపోయింది అదొక్కసారే.

మర్నాడు మధ్యాహ్నం ఒకడొచ్చాడు. గుడ్డ లేదు మొహానికి.
గొంతు గుర్తుపట్టాను.
సిగరెట్ పెట్టె కావాలి, చిల్లర లేదన్నాడు.
"అరువు రాస్తాను బాబూ, పేరు చెప్పు."
చెప్పాడు. ఇంటిపేరుతో సహా.
నేను తప్పు రాస్తుంటే, పాపం, అక్షరం అక్షరం చెప్పి దిద్దించాడు.

మూడు వారాలకి ఓస్నెల్ ఫోను.
ఎవరి ఫోనో, వెనకాల మేకల అరుపులు.
చెప్పు సంగతి అడిగాను. వంతెన మీద రెండోదీ పోయిందట.
ఆ తర్వాత కాస్త మొహమాటంగా,
"ఏనేరియా, నా బాకీ ఎనభై అయిదు కాదు.
ఆ చేప వాసనొస్తోందని తిరిగిచ్చేశాను కదా."
పేజీ తిప్పాను. గుర్తు తెచ్చుకున్నాను.
నిజమే. బుధవారం సాయంత్రం, మా పిల్లి తినేసింది దాన్ని.
పదిహేను కొట్టేసి డెబ్బై వేశాను,
పక్కన తేదీ, "అతని మాట విని" అని రాశాను.

డెబ్బై అలాగే ఉంది.
కొట్టెయ్యమని వాడూ అనలేదు.